మస్కట్ పనికి దిగుతున్న మేనల్లుడికి

చిన్నా,

మీ యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగం కొత్త మస్కట్ కోసం వేసిన కమిటీలో నిన్నూ తీసుకున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పక్కనే కూర్చున్న మా అమ్మ "చదువుకోమని అమెరికా పంపిస్తే వీడు మస్కట్ ఎందుకెళ్ళాడే?" అని కంగారు పడిందట. గల్ఫ్ కాదమ్మా, జంతువు వేషం కట్టుకుని గ్రౌండ్‌లో గంతులేసే బొమ్మ అని చెప్తే "ఓస్, పులివేషమా!" అని మళ్ళీ పప్పు ఏరుకోవడంలో పడిందట. ఇరవై రెండేళ్ళు ఇక్కడ అదే పని చేసి నేను తెలుసుకున్నది ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

పులివేషం నువ్వు చూసి ఉండవు. మా చిన్నప్పుడు దసరాకి ఒంటినిండా పసుపు రంగు పూసి నల్ల చారలు దిద్దేవాళ్ళు. రంగు చూసి మేమెవ్వరం భయపడలేదు. డప్పు మోగాక అతను వేసే అడుగు చూసి పరిగెత్తుకెళ్ళి అమ్మ కొంగు పట్టుకునేవాళ్ళం. మీ కమిటీలో అందరూ బొమ్మ గురించే మాట్లాడతారు. నువ్వు మాత్రం లోపలుండే మనిషి గురించి అడుగుతూ ఉండు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక డేగను చేయించాం. కాగితం మీద చూసి అందరం మురిసిపోయాం. తీరా సూట్ వచ్చాక, రెక్కలు పట్టక ఆ కుర్రాడు తలుపులోంచి పక్కకి తిరిగి రావాల్సి వచ్చింది. వచ్చినా చప్పట్లు కొట్టలేడు, పసిపిల్లని దగ్గరికి తీసుకుని ఫొటో దిగలేడు. ముక్కు అడ్డమై తన కాళ్ళు తనకే కనపడవు. ఆట రెండో క్వార్టర్లో వెళ్ళి బ్యాండ్ వాళ్ళ డ్రమ్ము మీద పడ్డాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. సూట్‌కి వేల డాలర్లు పోసిన మాకు నవ్వు రాలేదు.

కాబట్టి స్కెచ్ రాగానే అందంగా ఉందా అని చూడకు. చూపు ఎక్కణ్ణుంచి? నోట్లోంచా, కళ్ళకి పెట్టిన జాలీలోంచా? తల ఎంత బరువు? మెట్లు ఎక్కగలడా? ఒహాయో స్టేట్ యూనివర్సిటీ మస్కట్ బ్రూటస్‌కి 1965లో మొదటి తల కాగితపు గుజ్జుతో చేశారు. బరువు మోయలేక తర్వాత ఫైబర్‌గ్లాస్‌కి మారారు. అంత పేరున్న మస్కట్‌కే అలా అయింది. కుదిరితే అసలు సూట్ కుట్టించే ముందే అట్టతో, స్పాంజితో ఒక నమూనా తల చేసి, ఎవరికైనా తగిలించి అరగంట నడిపించి చూడండి.

ఏ బొమ్మ ఎంచుకోవాలన్నది రెండో తలనొప్పి. ఇక్కడ మిసిసిపీ యూనివర్సిటీ కథ నీకు పనికొస్తుంది. తోటల దొర వేషంలో ఉండే కర్నల్ రెబ్ అనే పాత మస్కట్‌ని 2003లో మైదానం నుంచి తప్పించారు. 2010లో విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, సీజన్ టికెట్ కొన్నవాళ్ళు ఓటేసి నల్ల ఎలుగుబంటిని ఎంచుకున్నారు. అన్నీ పద్ధతిగానే జరిగాయి. కానీ ఏళ్ళు గడిచినా అది ఎవరి మనసుకీ ఎక్కలేదు. తమాషా ఏంటంటే, ఆ ఓటింగ్‌లో ఓడిపోయినవాటిలో ఒక సొరచేప ఉంది. 2008లో వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్ ఆటగాళ్ళు నుదుటి మీద చెయ్యి నిలబెట్టి రెక్కలా చూపించడం మొదలుపెట్టారు. అలా పుట్టిన సొరచేప అది. జనం ఆ చెయ్యి చూపించడం మానలేదు. చివరికి 2017లో విద్యార్థులే అదే కావాలని ఓటేశారు, మరుసటేడు ఎలుగుబంటి స్థానంలోకి అది వచ్చింది.

కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా క్రూజ్ క్యాంపస్‌లోనూ ఇదే వరస. పైవాళ్ళు దర్జాగా సముద్ర సింహాన్ని పెట్టారు. పిల్లలేమో తమ అడవిలో పాకే పసుపుపచ్చ నత్తనే పట్టుకుని వేలాడి, 1986లో దాన్నే అధికారికం చేయించుకున్నారు. మిసిసిపీలోనే డెల్టా స్టేట్ అని ఇంకో యూనివర్సిటీ ఉంది, అక్కడ పిల్లలు నెత్తికెత్తుకున్నది బెండకాయని. అవును, కొట్లాడే బెండకాయ! మన పులుసులో బెండకాయ వాళ్ళ జట్టుకి పౌరుషం. ఓటింగ్ వద్దనను. దానికి ముందు నెల్లాళ్ళు స్టాండ్స్‌లో కూర్చుని జనం ఏమని అరుస్తున్నారో, ఏ జోక్ మళ్ళీ మళ్ళీ వేసుకుంటున్నారో విను. బ్యాండ్ పిల్లల్ని అడుగు, గ్రౌండ్ ఊడ్చే పెద్దాయన్ని అడుగు. వాళ్ళకి తెలిసినంత కన్సల్టెంట్లకి తెలియదు.

ఎవరైనా ఏదో ఒక జాతి మనుషుల్ని బొమ్మ చేద్దామంటే అక్కడే ఆపెయ్యి. 2005లో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ ఆదివాసుల పేర్లు, బొమ్మల మీద ఆంక్షలు పెట్టింది. నార్త్ డకోటా యూనివర్సిటీ 2012లో తన జట్లకున్న పాత ఆదివాసీ పేరు వదులుకుని, 2015లో డేగల పేరు పెట్టుకునేదాకా అసలు పేరే లేకుండా ఆడింది. ఆ గొడవలో రెండు వైపులా మనసులు విరిగాయి.

ఇంక సూట్‌లో దూరే పిల్లల సంగతి. ఆడిషన్ తప్పకుండా పెట్టు. జిమ్నాస్టిక్స్ వచ్చినవాళ్ళే కావాలని లేదు. మాట లేకుండా అలక, గర్వం, సిగ్గు చూపించగలగాలి. లోపల వేడి నువ్వు ఊహించలేవు. మా లెక్క పావుగంట బయట, ఆ తర్వాత తల తీసి నీళ్ళు, ఫ్యాన్. ఆగస్టు ఎండలో అదీ తగ్గించేవాళ్ళం. లోపల వేసుకునే ఐస్ జాకెట్‌కి బడ్జెట్‌లో డబ్బు రాయించు, లేదంటే ఎవరూ గుర్తుపెట్టుకోరు. పక్కన తోడు మనిషి లేకుండా ఒక్క అడుగు వెయ్యనీయకు. తాగినవాళ్ళు తోక లాగుతారు, పసిపిల్లలు కాళ్ళకి అడ్డం వస్తారు, ఈ పిల్లాడికి ఏదీ కనపడదు. మాట్లాడకూడదు, జనంలో తల తియ్యకూడదు అనే రూల్ అన్నిచోట్లా ఉంటుంది. నేను దానికి ఒకటి చేర్చాను: కళ్ళు తిరిగితే ఏ రూలూ లేదు, తల తీసి అవతల పారెయ్. సూట్ ఉతకడం ఎవరి పనో కూడా ముందే తేల్చు. మా డేగ మొదటి సీజన్ చివరికొచ్చేసరికి ఆ గదిలోకి ఎవ్వరూ అడుగుపెట్టలేకపోయారు!

ప్రచారం గురించి మీవాళ్ళు పెద్ద స్క్రీన్లు, పొగ, టపాసులు అంటారు. అననీ. నేనైతే దాన్ని ముందు ఆడపిల్లల వాలీబాల్ మ్యాచ్‌కి పంపిస్తాను. జనం తక్కువ, తప్పులు చేసినా ఫరవాలేదు. ఆ తర్వాత ఊళ్ళో ప్రైమరీ స్కూళ్ళు, రక్తదాన శిబిరాలు, హాస్టల్‌లోకి కొత్త పిల్లలు సామాన్లు మోసుకొచ్చే రోజు. అమ్మానాన్నలు ఏడుస్తూ బయల్దేరేటప్పుడు ఒక బొచ్చు బొమ్మ వచ్చి సూట్‌కేస్ అందుకుంటే, ఆ ఫొటో వాళ్ళే నలుగురికీ పంపుతారు.

మొదటి వారం ఆన్‌లైన్‌లో తిడతారు. ఖాయం. 2018లో ఫిలడెల్ఫియా హాకీ జట్టు గ్రిట్టీ అనే నారింజ బొచ్చు భూతాన్ని బయటపెట్టినప్పుడు దేశమంతా వెక్కిరించింది. వాళ్ళు సంజాయిషీలు ఇవ్వకుండా ఎదురు జోకులేశారు. కొద్దిరోజుల్లోనే ఊరంతా "మా గ్రిట్టీ" అంది. మీ మస్కట్ అకౌంట్ కూడా ఎవరో ఒక్కరే నడపాలి, అది ఆఫీసు నోటీసులా మాట్లాడకూడదు.

పేరు, బొమ్మ బయటికి రాకముందే ట్రేడ్‌మార్క్ సంగతి మీ లాయర్లతో చూపించు. డోనాల్డ్ డక్ పోలికలున్న ఆరెగాన్ యూనివర్సిటీ బాతుకి 1947లో వాల్ట్ డిస్నీ చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు. ఈ రోజుల్లో చెయ్యి కలిపితే సరిపోదు, కాగితం కావాలి.

స్కెచ్‌లు వచ్చాక నాకూ పంపు. ముందువైపే కాదు, వెనకవైపు కూడా గీయించు. ఏ డిజైనరూ అది గీయడు, సగం స్టేడియంకి కనపడేది మాత్రం అదే. తోక ఉంటే కూర్చున్నప్పుడు ఎటు పోతుందో కూడా అడుగు. మీ నాయనమ్మకి ఒక ఫొటో పంపడం మర్చిపోకు, పులి కాకపోతే ఎలాగూ ఒప్పుకోదు.

మీ అత్త