పేరు మార్చావు సరే, మనిషి మారాడా?

తమ్ముడికి,

నీ నవలిక రెండుసార్లు చదివాను. వడ్డీకి డబ్బులిచ్చి పొలాలు రాయించుకునే ఆ ఆర్‌ఎంపీ డాక్టరు కళ్ల ముందు తిరుగుతున్నాడు. అంత బాగా రాశావు కాబట్టే నాకు భయం వేసింది. అతని అసలు పేరే వాడావట. పేరులో ఒక అక్షరం మార్చి, మొదటి పేజీలో 'ఇందులోని పాత్రలన్నీ కల్పితాలు' అని వేస్తే చాలదా అని అడిగావు. చాలదు.

ఆ వాక్యం ఎలా మొదలైందో విను. 1932లో హాలీవుడ్ కంపెనీ ఎంజీఎం వాళ్లు, రష్యా చక్రవర్తి కుటుంబాన్ని తన మాట వినేలా చేసుకున్న సాధువు రాస్‌పుటిన్ మీద ఒక సినిమా తీశారు. అందులో నటాషా అనే రాకుమారిని అతను చెరిచినట్టు చూపించారు. ఆ పేరుగల రాకుమారి ఆ చరిత్రలో లేదు. కానీ రాస్‌పుటిన్‌ను చంపినవాళ్లలో ఒకడైన యూసుపోవ్ భార్య ఇరీనా, ఆ పాత్ర తానేనని జనం అనుకుంటున్నారని లండన్‌లో దావా వేసి, 1934లో 25,000 పౌండ్ల పరిహారం గెలిచింది. ఆ తర్వాతే సినిమాల్లో ఆ వాక్యం మామూలైంది. పేరు మార్చినా ఆమెను గుర్తుపట్టారు, అదీ సంగతి.

దీనికి తిరగేసిన కేసూ ఉంది. 1908లో ఒక ఇంగ్లిష్ పత్రిక, పరాయి స్త్రీతో ఫ్రాన్స్‌లో షికార్లు కొడుతున్న ఆర్టెమస్ జోన్స్ అనే పెద్దమనిషి గురించి సరదాగా రాసింది. ఆ పేరు ఊహించి పెట్టిందేనన్నారు. అదే పేరుతో నిజంగానే ఒక బారిస్టరు ఉన్నాడు. అతను దావా వేస్తే 1,750 పౌండ్ల పరిహారం దక్కింది.

ఇక మన దగ్గరికి వద్దాం. పరువునష్టం మన దేశంలో సివిల్ దావాతో పోదు, నేరం కూడా. ఒకప్పటి ఐపీసీ 499, 500 సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356 అయ్యాయి. రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఈ నేరాన్ని ఎత్తేయాలని వెళ్లినవాళ్లకు 2016లో సుప్రీంకోర్టు కుదరదని చెప్పింది. క్రిమినల్ కేసులో నీ ఉద్దేశం ఏమిటి, పరువు పోతుందని నీకు తెలుసా అని చూస్తారు. ఊరి మనిషి పేరు ఊరితో సహా రాశాక తెలియదని ఎలా అంటావు?

'నిజమే రాశానన్నా' అన్నావు ఫోన్లో. క్రిమినల్ కేసులో నిజమైతే సరిపోదు, ప్రజల మేలు కోసమే రాశానని కూడా చూపాలి. పైగా వడ్డీల సంగతి నిజమేననుకో, నాలుగో అధ్యాయంలో నర్సుతో సంబంధం నువ్వు కల్పించావు. దాన్ని ఏ సాక్ష్యంతో రుజువు చేస్తావు? నిజమైన మనిషికి కల్పించిన తప్పు అంటగట్టిన చోటే రచయిత దొరికిపోతాడు. పోయినవాళ్ల గురించైతే ఇబ్బంది లేదనుకోకు. కుటుంబసభ్యుల మనసు నొప్పించాలని రాస్తే ఆ సెక్షనే వర్తిస్తుంది.

1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజున నీ పాత్రలు రేడియో దగ్గర చేరారని రాశావు. దాంతో ఎవరి పరువూ పోదు కాబట్టి భయం లేదు, అలాగే ఉంచు.

నా తొలి కథల్లో ఒక కిళ్లీకొట్టు మనిషి ఉండేవాడు. పేరు మార్చాను. కుంటికాలు, కొట్టు పక్క వేపచెట్టు, మాటకు ముందు 'ఔ మల్ల' అనడం వదలలేకపోయాను, అవే కదా అందం! పత్రిక వచ్చిన వారానికి ఆయన కూతురు మా ఇంటికొచ్చింది. కోర్టు ఊసెత్తలేదు. 'మా నాయన కొట్టు తీస్తలేడు సార్' అంది. ఆ మనిషికి నాలా రాసి జవాబు చెప్పే దారి లేదు. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కాబట్టి పేరు ఒక్కటే కాదు, గుర్తులు మార్చు. మనలో ఇంటిపేరు చెబితే ఊరూ కులమూ తెలిసిపోతాయి, ముందు అది తీసెయ్. డాక్టరును విత్తనాల డీలరును చెయ్, వయసు పదేళ్లు తగ్గించు, జిల్లా మార్చు. ఇద్దరు ముగ్గురు మనుషుల్ని కలిపి ఒకడిగా చెయ్. అచ్చుకిచ్చే ముందు ఒక లాయరుకు చూపించు, కేసు పడితే పబ్లిషరు కూడా చిక్కుకుంటాడు.

కొత్త ఇంటిపేరు అనుకున్నాక మీ అమ్మను అడుగు. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరిగిన మనిషి, ఆ పేరుతో చుట్టుపక్కల ఎవరైనా ఉంటే ఇట్టే చెప్పేస్తుంది. ఆ తర్వాత నాలుగో అధ్యాయం మళ్లీ రాసి నాకు పంపు.

మీ అన్న