టీవీలో 14 అడుగులు, మా పెరట్లో మోకాల్లోతు

"రోజూ వింటాం గానీ అర్థం సరిగ్గా తెలీని పదాలేంటి" అని అడిగారు కదా, నాకైతే ముందు గుర్తొచ్చేది వరదల టైమ్‌లో టీవీ కింద పరిగెత్తే స్క్రోలింగే అండి.

మాది కోనసీమలో లంక ఊరు. లంకంటే రావణుడిది కాదు లెండి, గోదారి పాయల మధ్య ఒండ్రు మేటేసి తేలిన నేల. నేను హైదరాబాద్‌లో కొత్తగా జాబ్‌లో చేరిన ఏడాది టీవీలో "ధవళేశ్వరం వద్ద 14 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక" అని వేశారు, 14 అడుగులంటే మా ఇంటి చూరు కూడా కనపడదు కదా అని కాళ్లూ చేతులూ ఆడక అమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ తాపీగా "కాజ్‌వే మునిగిందిరా, పెరట్లో మోకాల్లోతు వచ్చింది, గేదెల్ని ఏటిగట్టు మీద కట్టేశాం, నువ్వు తిన్నావా" అంది.

ఆ అడుగులు మా ఊళ్లో లోతు కాదు, గోదారి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గేజీ మీద చూసే నీటిమట్టం. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో లెక్క వేరు, 43, 48, 53. రెండూ పక్కపక్కన చూసి "అక్కడ 50, మనకి 14 ఏగా" అని సంబరపడకండి, ఆ నీళ్లు దిగొచ్చేది మన మీదకే.

ఇంక క్యూసెక్కు. సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, అంటే 28 లీటర్లు చిల్లర. ఇంట్లో వేయించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్‌తో కొలిస్తే ఒకటిన్నర క్యాన్ కూడా ఉండదు, ఇంతేనా అనిపిస్తుంది. కానీ మొదటి హెచ్చరిక నాటికే 10 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి 14 లక్షల క్యాన్లు! టీఎంసీ మాత్రం వేగం కాదు, పరిమాణం. వంద కోట్ల ఘనపుటడుగులు. చాలామంది (మా మావయ్యతో సహా) రెండూ ఒకటే అనుకుని వాదిస్తారు. 10 లక్షల క్యూసెక్కులు పోతుంటే 17 నిమిషాల్లోపే ఒక టీఎంసీ సముద్రంలో కలిసిపోతుంది, రాష్ట్రాలు కొట్టుకునేది ఆ టీఎంసీల కోసమే.

సార్వా, దాళ్వా అంటే మా దగ్గర ఖరీఫ్, రబీ వరి పంటలు, అంతే. లాకులంటే తాళాలు కాదు, కాలవలో నీళ్లు ఎత్తుగా ఉన్నవైపు నుంచి పల్లంగా ఉన్నవైపుకి పడవని దించే గేట్ల గది. ఇప్పుడు పడవలు పెద్దగా లేవు గానీ "లాకుల దగ్గర దింపేయ్" అంటే ఆటోవాడికి తెలుస్తుంది.

పులస గురించి కూడా చాలామంది పొరపడతారు, అది వేరే జాతి చేప కాదండి, సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గుడ్లు పెట్టడానికి వరద ఎర్రనీళ్లకి ఎదురీది గోదాట్లోకొస్తే పులస. పేరు మారగానే రేటూ మారిపోతుంది, ఇలసనే పులసని అంటగట్టేవాళ్లున్నారు జాగ్రత్త, నాకు ఒకసారి అయింది.

చివరగా పోటు, పాటు. సముద్రం పొంగితే పోటు, తీస్తే పాటు. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువ కాబట్టి అప్పుడే వరదొస్తే నీళ్లు సముద్రంలోకి సరిగ్గా లాగవు. అందుకే ఆ రోజు అమ్మ ఫోన్ పెట్టేసే ముందు అడిగింది 14 అడుగుల గురించి కాదు, "అమావాస్య ఎప్పుడో క్యాలెండర్ చూసి చెప్పరా" అని.