మంజూరైంది సరే, ఖర్చయిందా?

మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో ఎల్లోనైఫ్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వీడియో కాల్లో అక్కడి అసెంబ్లీ చర్చ పెట్టి చూపించాడు. ఒక సభ్యుడు లేచి, ఈ పనికి నిరుడు ఎంత పెట్టారు, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎటు పోయింది అని వరసగా అడుగుతుంటే మంత్రి కాగితాలు తిరగేసి జవాబు చెబుతోంది. కేకలు లేవు. అక్కడ పార్టీలే లేవంటాడు మా వాడు. పార్టీలు లేకుండా అసెంబ్లీ ఎలా నడుస్తుందండీ? మన దగ్గర ఇలా ఎందుకు జరగదు?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. ఎల్లోనైఫ్ ఉన్నది కెనడా ఉత్తరాన నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనే ప్రాంతంలో. విస్తీర్ణం 13 లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లాంటివి ఎనిమిది పడతాయి. జనం మాత్రం 2021 లెక్కల్లో సుమారు 41 వేల మంది, మన విశాఖలో కొన్ని వార్డులు కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటారు. అసెంబ్లీలో 19 మంది సభ్యులు. ఎవరూ పార్టీ గుర్తు మీద గెలవరు. గెలిచి వచ్చాక తమలోంచి ఒకరిని స్పీకర్‌గా, ఒకరిని ప్రీమియర్‌గా (మన ముఖ్యమంత్రి లాంటి పదవి), ఆరుగురిని మంత్రులుగా వాళ్లే రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. మిగతా 11 మంది మామూలు సభ్యులు.

అసలు కీలకం ఈ లెక్కలోనే ఉంది. ప్రీమియర్‌తో కలిపి మంత్రివర్గంలో ఏడుగురు, అడిగేవాళ్లు పదకొండు మంది. బడ్జెట్ పాసవ్వాలంటే ఆ పదకొండు మందిలో కొందరైనా చెయ్యెత్తాలి, మంత్రులు తమ ఓట్లతో గట్టెక్కలేరు. మన దగ్గర ప్రభుత్వమంటేనే మెజారిటీ, అక్కడ ప్రభుత్వమంటే మైనారిటీ. అందుకే మంత్రి జవాబు చెప్పక తప్పదు. 2020 ఆగస్టులో ఒక మంత్రిని సభ్యులే ఓటు వేసి మంత్రివర్గం నుంచి తప్పించారు కూడా. బడ్జెట్ సభకు రాకముందే ముసాయిదాను సభ్యుల కమిటీలు చూస్తాయి, బేరాలు అక్కడే చాలావరకు అయిపోతాయి. ఆ తర్వాత సభ మొత్తం ఒక కమిటీలా కూర్చుని శాఖల వారీగా పేజీ పేజీ తిప్పుతుంది. మీరు చూసింది బహుశా అదే.

ఇంకో సంగతి, ఆ డబ్బులో పెద్ద వాటా వాళ్లు పన్నులుగా కట్టింది కాదు, ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు. వజ్రాల గనులున్నాయి, కానీ ఇంత విశాలమైన చోట అక్కడక్కడా విసిరేసినట్టున్న 33 ఊళ్లను నడపడానికి ఆ ఆదాయం చాలదు. అడిగి తెచ్చుకున్న డబ్బు కాబట్టి లెక్క ఇంకా గట్టిగా అడగాలి అన్నది అక్కడి సభ్యుల ప్రశ్నల్లో కనిపించే పట్టుదల.

నాకు వాళ్ల ప్రశ్నల్లో అన్నిటికంటే నచ్చేది 'ఎంత' కాదు, 'ఎప్పుడు'. చాలా ఊళ్లకు ఏడాది పొడుగునా రోడ్డు ఉండదు. చలికాలంలో గడ్డకట్టిన నదుల మీద, చెరువుల మీద వేసే మంచు రోడ్డు, లేకపోతే వేసవిలో మెకంజీ నది మీద వచ్చే సరుకుల పడవలు, అంతే. సిమెంటు, ఇనుము ఆ కాస్త సమయంలో చేరాలి. టెండరు ఒక నెల ఆలస్యమైతే పని ఆలస్యమయ్యేది నెల కాదు, ఏడాది. డబ్బు పుస్తకంలో ఉంటుంది, ఇల్లు మాత్రం లేవదు. పైగా ఏడాది జరిగితే ధర పెరుగుతుంది.

ఇది చదువుతుంటే మీకు పాడేరు, ముంచంగిపుట్టు గుర్తొస్తే తప్పు లేదు. మన ఏజెన్సీలో వానలు మొదలయ్యాక ఘాట్ మీదికి కాంక్రీటు కలిపే మిల్లరూ ఎక్కదు, కంకర లారీ కూడా ఎక్కదు. పని చేయగలిగేది మహా అయితే ఆరేడు నెలలు. వాళ్ల ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. మన దగ్గర ఏప్రిల్లో డబ్బు వస్తే జూన్‌లోపు టెండర్లు పూర్తి కావాలి, లేకపోతే వానలు పోయేదాకా ఆగాల్సిందే, ఇంతలో మార్చి వచ్చేస్తుంది, నిధులు మురిగిపోతాయి. గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన వార్త చదివిన ప్రతిసారీ నాకు ముందు వచ్చే ప్రశ్న ఇదే: ఆ ఊరి రోడ్డు మంజూరైందా లేదా అని కాదు, మంజూరైన రోడ్డుకు టెండరు ఏ నెలలో పిలిచారు? ఈ ప్రశ్న సభలో అడిగితే జవాబు ఒక తేదీ అవుతుంది. తేదీని ఉపన్యాసంతో దాటవేయడం కష్టం.

మన దగ్గర అడగరా అంటే, అడిగేవాళ్లు ఉన్నారమ్మా, నిబంధనల్లోనూ లోటు లేదు. ప్రశ్నోత్తరాల సమయం ఉంది, అనుబంధ ప్రశ్నలున్నాయి, కాగ్ నివేదికను పరిశీలించే ప్రజాపద్దుల కమిటీ ఉంది. లేనిది సమయం. 2011 జనాభాతో చూస్తే మన ఎమ్మెల్యే ఒక్కొక్కరికీ సుమారు 2.8 లక్షల మంది, అక్కడ రెండు వేల చిల్లర. పద్దుల మీద చర్చకు ఇచ్చిన రోజులు అయిపోగానే, మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్ని గిలెటిన్ అంటారు. అలా వెళ్లిపోయే పద్దుల్లో మన గిరిజన సంక్షేమం కూడా ఉండొచ్చు. నాకు బాధ కలిగించేది అదే.

ప్రశ్న: బడ్జెట్‌లో మా ప్రాంతానికి తక్కువ పెట్టారనుకుంటే ఎమ్మెల్యే దాన్ని పెంచగలడా?
– రిటైర్డ్ టీచర్, సీతమ్మధార

జవాబు: పెంచలేరు మాస్టారూ. రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం సభ ఒక పద్దును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం లేదు. తగ్గించమనే దాన్నే కోత తీర్మానం అంటాం. నార్త్‌వెస్ట్‌లోనూ ఇంతే, మామూలు సభ్యులు ఖర్చు పెంచే తీర్మానం పెట్టలేరు. ఒకచోట కోస్తామని పట్టుబట్టి ఇంకోచోట పెట్టించుకుంటారు.

ప్రశ్న: బడ్జెట్ పుస్తకాలు ఆన్‌లైన్లో ఉన్నాయి, తెరిస్తే టెన్షన్ వస్తోంది. మాలాంటి వాళ్లం ఏం చూడాలి?
– డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: ఆ భయం అందరికీ ఉంటుంది బాబూ, పుస్తకం మొత్తం చదవకు. నీకు కావలసిన ఒక్క పద్దు పట్టుకో. దాని ఎదురుగా నాలుగు గడులు ఉంటాయి: రెండేళ్ల కిందటి లెక్కలు, నిరుటి బడ్జెట్ అంచనా, నిరుటి సవరించిన అంచనా, ఈ ఏటి బడ్జెట్ అంచనా. పేపర్లో హెడ్డింగ్ అయ్యేది చివరి గడి. నువ్వు చూడాల్సింది మొదటి గడి, ఎందుకంటే నిజంగా ఖర్చయింది అదొక్కటే. ఆ ఏడాది బడ్జెట్ పుస్తకం కూడా తెరిచి, అప్పుడు ఎంత పెడతామన్నారో పక్కన రాసుకో. వంద కోట్లు అని పెట్టి ముప్పై ఖర్చు చేసి, మళ్లీ నూట ఇరవై అని పెడితే అది పెంచడం కాదు.

డబ్బు కాగితం మీదినుంచి కదలడానికి మధ్యలో మెట్లున్నాయి. జీవో వస్తుంది, తర్వాత బీఆర్ఓ (బడ్జెట్ విడుదల ఉత్తర్వు) రావాలి, పని చేశాక బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో పెట్టాలి, అది పాసవ్వాలి. ఏ కాంట్రాక్టరును అడిగినా ఏ మెట్టు దగ్గర ఆగిందో చెబుతాడు. విభజన తర్వాత ఉత్తరాంధ్ర, రాయలసీమ ఏడు జిల్లాలకు ఏటా జిల్లాకు 50 కోట్ల చొప్పున కేంద్రం ప్రత్యేక సాయం అన్నారు గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో ఆ 350 కోట్లు ఖాతాలో పడి కూడా వెనక్కి వెళ్లిపోయాయి. అన్ని మెట్లూ చూడాలనేది అందుకే.

మీ వార్డు నుంచే మొదలుపెట్టు. జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థ) 98 వార్డులు, మీ వార్డులో నిరుడు ఏ పనికి ఎంత మంజూరైంది, పని ఎప్పుడు మొదలైంది, ఇప్పటిదాకా ఎంత చెల్లించారు, ఈ మూడే రాసి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన కాగితం మాకు పంపు, కలిసి చదువుదాం.