మూసారాంబాగ్‌లో రాముడెవరు?

సందేహం: ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ మూసారాంబాగ్. ఈ పేరు మూసీ నది వల్ల వచ్చిందా, రాముడి గుడి ఏదైనా ఉండేదా? ‘మూసారంబాగ్’ అని రాయవచ్చా?
– ఒక పాఠకుడు, వాడపల్లి

సమాధానం: మూసీ కృష్ణలో కలిసే చోట ఉన్నవారు మీరు. నది పేరు తట్టడం సహజమే. కానీ ఈ మూసా నదీ కాదు, ఈ రాముడు అయోధ్య రాముడూ కాదు. రెండో నిజాం అలీఖాన్ కొలువులో సేనానిగా ఉండి, హైదరాబాదులో ఫిరంగులు పోయించి, 1798లో కన్నుమూసిన ఫ్రెంచివాడు రేమోఁ (Raymond) పేరే ఇది. ఆయన సమాధి ఆ దగ్గర్లోని గుట్ట మీదే ఉంది.

ఫ్రెంచివారు గౌరవంగా పిలిచే ‘మొస్యే’ మన జనం నోట ‘మూసా’ అయింది. మూసా అన్నది ముస్లింలకు ప్రవక్త పేరు కాబట్టి చెవికి కొత్తగా లేదు. ఇక అసలు పేరు చూడండి. దాని చివర రాతలో ఉన్న డకారం ఫ్రెంచివారు పలకరు, మన అరసున్నలాగా ముక్కుతో ముగిస్తారు. అందుకే అది హిందువుల నోట రాం, ముస్లింల నోట రహీం అయిందంటారు. ఎంత చక్కటి చెవులు వాళ్లవి! ఇప్పటివాళ్లు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘మాన్సియర్ రేమండ్’ అని రాస్తున్నారు. అలా ఫ్రెంచివాడూ అనడు, మన తాతలూ అనలేదు. నిక్షేపంలాంటి నల్లగొండను ‘నల్గొండ’ చేసిందీ ఈ కంటిచదువే. నల్లని కొండలో లకారానికి ఒత్తు తీసేయడానికి మనకేం హక్కుంది?

బాగ్ అంటే పారసీలో తోట.

అయితే మూసీని పూర్తిగా తోసిపుచ్చను. ఆ నదికి ఎగువన మూసా అనే పేరు కూడా ఉంది, పేట పక్కనే పారుతుంది. జనం నోట ఈ మాట నిలబడడానికి అదీ కొంత తోడ్పడి ఉండవచ్చు.

రాసేటప్పుడు దీర్ఘంతో ‘మూసారాంబాగ్’ అనే రాయండి. మాటల్లో ‘మూసారంబాగు’ అంటే నేను తప్పు పట్టను. మూడు ముక్కలు చేసి ‘మూసా రామ్ బాగ్’ అని మాత్రం రాయకండి.