ఇటుక ముక్కల గుట్ట కళ ఎలా అవుతుంది?

హాల్లో ఇసుక, ఇటుక ముక్కలు కుప్ప పోసి కళ అంటే ఎలా ఒప్పుకోవాలి? ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది లారా అల్మార్సెగి పనిలోనే. ఆమె స్పెయిన్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో స్థిరపడ్డ కళాకారిణి.

2013లో ఇటలీలోని వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో, స్పెయిన్‌కు ఉన్న ప్రదర్శన భవనం లోపల ఇటుక, పెంకు ముక్కలు, ఇసుక, గాజు వేటికవే గుట్టలుగా పోయించింది. ఏది ఎంత పోయాలన్నది ఆమె ఇష్టానికి వదిలిన విషయం కాదు. 1922లో ఆ భవనం కట్టడానికి ఏ సామాను ఎంత పట్టిందో లెక్కగట్టి అంతే పోయించింది. అంటే గోడల మధ్య నిలబడి, అవే గోడలు కూలితే ఎంత గుట్ట అవుతాయో కళ్లారా చూస్తాం. ఇల్లు కట్టేటప్పుడు ట్రాక్టర్ ఇసుక దింపడం చూసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. ఇంత సూటిగా భవనం గురించి చెప్పిన శిల్పం నాకు ఇంకొకటి తెలీదు.

ఖాళీ స్థలాలన్నా ఆమెకు అంతే ఇష్టం. ఒలింపిక్స్ కోసం లండన్‌లోని లీ వ్యాలీ ప్రాంతం రూపం మారిపోతున్నప్పుడు, అక్కడి బీడు స్థలాలకు 2009లో ఒక గైడు పుస్తకం తయారుచేసింది. ఎవరూ ప్లాన్ గీయని చోటు కాబట్టే అక్కడ పిచ్చిమొక్కలు తమ ఇష్టంగా పెరుగుతాయి.