ఫీల్డ్ పోస్టింగ్‌లో భర్త, ఊళ్లో భార్య: బీఈడీ చేయవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గరి పల్లె. నా భర్త సైన్యంలో నాయక్. ఇటీవల ఆయనకు లద్దాఖ్ బదిలీ కావడంతో క్వార్టర్ ఖాళీ చేసి, ఐదేళ్ల బాబుతో అత్తగారింటికి వచ్చాను. గణితంతో బీఎస్సీ పూర్తిచేశాను. బీఈడీ చేయాలా, ఊరి దగ్గరి ప్రైవేటు పాఠశాలలో చేరాలా, సికింద్రాబాద్‌లో క్వార్టర్‌కు దరఖాస్తు చేసుకోవాలా? ఫోన్ రాని రోజు పుస్తకం ముందు కూర్చోలేకపోతున్నాను. – ఒక సోదరి

జవాబు: అమ్మా, ఈ మూడింటిలో నేను బీఈడీనే సూచిస్తాను. టీచరు ఉద్యోగం ఆడవాళ్లకు అనువైనదన్న పాత మాట పట్టుకుని ఈ సలహా ఇవ్వడం లేదు. కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లలేని ఫీల్డ్ పోస్టింగ్ సాధారణంగా రెండు మూడేళ్లు ఉంటుంది, బీఈడీ రెండేళ్ల కోర్సు. ఆయన మళ్లీ కుటుంబంతో ఉండగలిగే పీస్ స్టేషన్‌కు వచ్చి మిమ్మల్ని తీసుకువెళ్లేనాటికి పట్టా మీ చేతిలో ఉంటుంది. ఇప్పుడే ప్రైవేటు పాఠశాలలో చేరితే, బీఈడీ లేదన్న కారణంతో ఇచ్చే కొద్దిపాటి జీతానికి పనిచేసి, ఆయన బదిలీ రాగానే దాన్నీ వదులుకోవలసి వస్తుంది. సికింద్రాబాద్ వంటి కంటోన్మెంట్లలో ఫీల్డ్‌లో ఉన్నవారి కుటుంబాలకు క్వార్టర్లు ఇస్తారు గానీ, అక్కడ బాబును చూసుకునే మనిషి లేకుండా మీ చదువు సాగదు.

సైనికుని భార్య జీతం కన్నా ముందు చూసుకోవలసింది, ఊరు మారినప్పుడు ఆ అర్హత వెంట వస్తుందా అన్నది. గణితంలో డిగ్రీ, దానికి తోడు బీఈడీ ఉంటే ఎక్కడికైనా వెంట వస్తాయి. దేశవ్యాప్తంగా వందకు పైగా ఉన్న ఆర్మీ పబ్లిక్ స్కూళ్లలో ఉపాధ్యాయుల కోసం ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ స్క్రీనింగ్ పరీక్ష నిర్వహిస్తుంది. టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) స్థాయికి డిగ్రీలోనూ బీఈడీలోనూ 50 శాతం మార్కులు ఉండాలి. కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష సీటెట్ రెండో పేపరులో అర్హత సాధిస్తే కేంద్రీయ విద్యాలయాల నియామకాలకూ పోటీ పడవచ్చు. డీఎస్సీ రాయవద్దని చెప్పను, కానీ ఆ ఉద్యోగం మిమ్మల్ని ఒక జిల్లాకు కట్టిపడేస్తుంది కాబట్టి, ఆయన సర్వీసు ఇంకా ఎన్నేళ్లుందో లెక్క చూసుకుని ఇద్దరూ కలిసి తేల్చుకోవలసిన విషయం అది.

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, రోజూ వెళ్లి రాగలిగిన కళాశాలలో చేరండి. స్థానికత రీత్యా మీరు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ప్రాంతంలోకి వస్తారు. క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు అని చెప్పే కళాశాలలు మన వైపు ఉన్నాయన్నది అందరికీ తెలిసిన రహస్యమే. వాటి జోలికి పోకండి. నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. నిబంధన మాట పక్కన పెట్టినా, పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని బస్సెక్కి, సాయంత్రానికి అలసి ఇంటికి చేరడం ఈ రెండేళ్లలో మీకే ఎక్కువ అవసరం. రోజంతా ఇంట్లో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నవారికి ఒక్క మిస్డ్ కాల్ కూడా పెద్ద గండంలా కనిపిస్తుంది.

ఆ ఫోన్ విషయానికే వస్తాను. ఎత్తైన పోస్టుల్లో మంచు పడినా, డ్యూటీ మీద ముందుకు వెళ్లినా రోజుల తరబడి సిగ్నల్ అందదు. ఎక్కడికి, ఎందుకు అని మీరు అడగకూడదు, ఆయన చెప్పకూడదు. అయితే "కొన్నాళ్లు ఫోన్ ఉండదు" అన్న ఒక్క మాట ముందుగా చెప్పే అలవాటు చేసుకోమనండి. యూనిట్ నుంచి తెలియవలసినది యూనిట్ ద్వారానే తెలుస్తుంది కాబట్టి సరిహద్దు వార్తలు మోగించే చానళ్లను, వాట్సాప్ గ్రూపులను చదువుకునే వేళల్లో పూర్తిగా ఆపేయండి. ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) చిరునామాకు ఉత్తరాలు ఇప్పటికీ చేరుతాయి. బాబు గీసిన బొమ్మ, వాడు వంకరటింకరగా రాసిన అక్షరాలు అందులో పెట్టి పంపండి. రాత్రుళ్లు నిద్ర పట్టని స్థితి వారాల తరబడి కొనసాగితే మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న 14416 టెలిమానస్ నంబరుకు ఉచితంగా మాట్లాడవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

బాబుకు ఆరేళ్లు నిండగానే కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతికి ప్రయత్నించండి. బదిలీలుండే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు అక్కడ ప్రాధాన్యం ఉంది, పైగా రేపు ఊరు మారినా పాఠ్యాంశాలు మారవు. మీ పెళ్లి, బాబు పుట్టుక సైనిక రికార్డుల్లో కుటుంబ వివరాలు చేర్చే పార్ట్ టూ ఆర్డర్‌లో నమోదయ్యాయో లేదో ఆయన్ను ఇప్పుడే అడగండి. అనంతపురంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పని పడినప్పుడు వెతుక్కునే అవస్థ తప్పుతుంది.

ఇక అసలు చిక్కు సెలవు. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉన్నా, ఆయన వచ్చిన రోజుల్లో కోడలు ఇల్లు కదలకూడదని పెద్దలు ఆశిస్తారు, ఆ ఆశలో తప్పూ లేదు. అందుకే కళాశాల క్యాలెండరు చేతికి రాగానే ఆయనకు ఫొటో తీసి పంపి, మీ ఇంటర్న్‌షిప్ వారాలు, పరీక్షల నెల వదిలి సెలవుకు దరఖాస్తు పెట్టుకోమనండి. యూనిట్ అవసరాలను బట్టి తేదీలు మారి, సెలవు సరిగ్గా పరీక్షల మీదికే వచ్చిపడితే, మీరు కళాశాలకు వెళ్లి వచ్చేవరకు బాబును ఆయన చూసుకుంటాడన్న మాటను మీరు కాకుండా ఆయనే మీ మామగారితో ముందుగా చెప్పాలి. ఎడ్‌సెట్‌కు డబ్బు కట్టేలోపే ఈ ఒక్క ఫోన్ ఆయన చేత చేయించండి.