బంగాళాఖాతం అడుగు గురించి చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది కాకినాడ. అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ ఆఖరి సంవత్సరం. ఎంసీఏ చేయమంటే వద్దంటోంది. జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) చదివి, బంగాళాఖాతం అడుగున భూపటలం (భూమి పై పెంకు) ఎలా ఏర్పడిందో పరిశోధన చేస్తుందట. దీంతో బతుకుతెరువు ఉంటుందా? ఆడపిల్లను నడిసముద్రంలోకి ఎలా పంపేది? - ఒక తండ్రి

జవాబు: చేరనివ్వండి సార్. మీ టెన్షన్ అర్థమైంది, ఉద్యోగాల సంగతి కూడా చెబుతాను, కానీ ముందు మీ అమ్మాయి దేని గురించి మాట్లాడుతోందో మీకు తెలియాలి, ఎందుకంటే అది మీ ఊరి ముందున్న సముద్రమే.

సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి వరకు మన తూర్పు తీరం, అంటార్కిటికా తూర్పు భాగం ఒకే నేల. విశాఖ కొండల్లో కనిపించే ఖోండలైట్, చార్నొకైట్ లాంటి రాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఆ నేల సాగి, పలచబడి, చివరికి చీలిపోయింది. చీలికలోంచి పైకి వచ్చిన శిలాద్రవం గడ్డకట్టి కొత్త సముద్రపు అడుగు తయారైంది. అలా పుట్టిందే బంగాళాఖాతం. నేల సాగినప్పుడు అంచున పడిన గుంతల్లో మట్టి చేరి కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ అయింది, అంతకంటే చాలా పాతదైన సింగరేణి బొగ్గు లోయ కూడా వచ్చి దానికే కలుస్తుంది.

ఇందులో తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి, నాకు నచ్చేది అదే. మామూలుగా సముద్రపు అడుగు వయసును రాళ్లలోని అయస్కాంత చారలతో లెక్కకడతారు, భూమి అయస్కాంత దిశ తిరగబడినప్పుడల్లా ఒక కొత్త చార పడుతుంది. కానీ సుమారు 12 కోట్ల ఏళ్ల నుంచి 8.3 కోట్ల ఏళ్ల కిందటి వరకు ఆ దిశ దాదాపు మారనే లేదు, బంగాళాఖాతంలో చాలా భాగం విచ్చుకున్నది ఆ కాలంలోనే. అంటే చదవడానికి చారలే లేవు! దాని మీద హిమాలయాల నుంచి గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చిన మట్టి ఉత్తరాన 16 కిలోమీటర్లకు పైగా పేరుకుంది. అందుకే ఖండపు రాయి ఎక్కడ ఆగిందో, సముద్రపు రాయి ఎక్కడ మొదలైందో, మట్టి కింద కప్పబడిపోయిన 85 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి ఉన్న పర్వతశ్రేణి ఎలా పుట్టిందో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

కంటికి కనబడని దాన్ని ఎలా కొలుస్తారంటారా? ఓడ వెనక, గాలిని ఒత్తిడితో వదిలి శబ్దం పుట్టించే ఎయిర్‌గన్ పేలుస్తారు, ఆ శబ్దతరంగాలు కిందికి వెళ్లి తిరిగొచ్చే టైమ్ పట్టుకుంటారు. మెత్తని మట్టిలో అవి సెకనుకు సుమారు 2 కిలోమీటర్లు వెళితే, భూపటలం కిందుండే పొర అయిన మాంటిల్‌లో 8 కిలోమీటర్లు. ఈ తేడాతోనే ఖండాల కింద సాధారణంగా 35-40 కిలోమీటర్లు ఉండే భూపటలం సముద్రం కింద 6-7 కిలోమీటర్లకు తగ్గిపోవడం తెలుస్తుంది. గురుత్వాకర్షణ, అయస్కాంత కొలతలు దానికి తోడు. ఓడ మీద ఉండేది కొన్ని వారాలే, తర్వాత ఆ డేటాతో ఏళ్ల తరబడి ఒడ్డునే కంప్యూటర్ ముందు పని. మీరు ఎంసీఏలో చూసుకుంటున్న ప్రోగ్రామింగ్ ఇక్కడా తప్పదు, ఇప్పటి నుంచే పైథాన్ మొదలుపెట్టమనండి. ఆడపిల్ల అన్న భయం మాత్రం వదిలేయండి. శాస్త్రవేత్తలు సుదీప్త సేన్‌గుప్తా, అదితి పంత్ 1983లోనే ఓడెక్కి అంటార్కిటికా వెళ్లారు.

చదువుకు దూరం పోనక్కర్లేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్ విభాగం ఉంది, ఏపీ పీజీసెట్ రాయాలి. ఉస్మానియాలోనూ ఈ కోర్సు ఉంది. ఐఐటీ కావాలంటే జామ్ ప్రవేశపరీక్ష రాయాలి.

ఇక ఉద్యోగాలు. పోస్టులు తక్కువ, ఇది దాచను. యూపీఎస్సీ నిర్వహించే జియో-సైంటిస్ట్ పరీక్షతో కేంద్ర భూగర్భ సర్వే సంస్థ జీఎస్ఐలో జియోఫిజిసిస్ట్ కావచ్చు, వేతన స్థాయి లెవెల్ 10, ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 56,100. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 స్టైపెండ్‌తో హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐలోనో, గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓలోనో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. ఎన్ఐఓకి విశాఖలోనూ కేంద్రం ఉంది. చమురు కంపెనీల్లో జీతాలు బాగుంటాయి గానీ ముడిచమురు ధర పడిపోతే నియామకాలూ ఆగిపోతాయి, అందుకని ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. అలాగని మీ తీరంలో పని అయిపోలేదు. 2006లో కేజీ బేసిన్‌లో తవ్వినప్పుడు ఒకచోట సుమారు 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ (మీథేన్ గ్యాస్ చిక్కుకున్న మంచులాంటి పదార్థం) బయటపడింది. దాన్ని లాభసాటిగా వెలికితీసే మార్గం ఇంకా దొరకలేదు.

పీహెచ్‌డీ దాకా వెళితే స్థిరపడటానికి ముప్పై దాటొచ్చు. పెళ్లి తొందర ఉంటే ఆ మాట ఇప్పుడే అమ్మాయితో కూర్చుని మాట్లాడండి, మధ్యలో ఆపించొద్దు. పీజీ రెండో ఏడాదిలో గేట్, నెట్ పరీక్షలు రెండూ రాయించండి. దరఖాస్తు పెట్టేముందు ఒకరోజు విశాఖ తీసుకెళ్లి అక్కడ చదువుతున్న సీనియర్ అమ్మాయిలతో మాట్లాడించండి, మీరూ పక్కనే కూర్చోండి.